దళారీని తీసేసిన దళారీ

మా మేనల్లుడు శనివారం రాత్రి బెంగళూరు నుంచి దిగుతాడు. సోమవారం తెల్లవారుజామున కుప్పంలో రైలెక్కుతాడు. మధ్యలో చిక్కిన ఆదివారం మా శాంతిపురాన్ని బాగుచేస్తాడు. ఒకసారి చిరుధాన్యాలతో బాగుచేశాడు, ఇంకోసారి ధ్యానంతో. 2021 దీపావళికి ముందు వచ్చినప్పుడు సంచీలో క్రిప్టో ఉంది.

"ఇంక దళారీలనేవాళ్ళే ఉండరు మామా. బ్యాంకు ఉండదు, సర్కారు ఉండదు. నీకూ నాకూ మధ్య ఎవుడూ ఉండడు" అన్నాడు.

నేను సగం రైతును, సగం రాతగాణ్ణి. రెండు పనుల్లోనూ గిట్టుబాటు లేదు గనుక ఒకదాని నష్టం ఇంకొకదానికి తెలియకుండా బతుకుతున్నాను. మదనపల్లె మండీకి టమాటా తోలినవాడికి దళారీ లేని లోకం అంటే నోరూరకుండా ఉంటుందా? మండీలో కమీషన్ ఒక పద్దు, దాని మీద జాక్‌పాట్ ఇంకో పద్దు. తెలియనివాళ్ళకు చెప్తున్నాను: వంద పెట్టెలు దించితే అందులో కొన్ని పెట్టెలు లెక్కలో లేకుండా ఊరికే పక్కకు పోవడాన్ని జాక్‌పాట్ అంటారు. ఆ మాటకు అనుకోకుండా కలిసొచ్చిన అదృష్టం అని అర్థముందని మేనల్లుడు చెప్పేదాకా నాకు తెలియదు. మా దగ్గర అది ముందే అనుకుని తీసుకునేది.

"సరేరా, ఎట్లా కొనాల?"

"యాప్ దించుకో."

"ఎవురిది?"

"ఎక్స్ఛేంజీది. కొనేటోళ్ళను, అమ్మేటోళ్ళను కలుపుతాది. దానికి ఫీజు తీసుకుంటాది."

"అంటే మండీ."

వాడు కాసేపు మాట్లాడలేదు. "మండీ అనొద్దు మామా, ప్లాట్‌ఫారం అను" అన్నాడు.

కథ మొదట్లో ప్లాట్‌ఫారం లేదు. 2008 అక్టోబర్ 31న సతోషి నకమోటో అనే పేరుతో ఎవరో తొమ్మిది పేజీల కాగితం ఒకటి బయటపెట్టారు. ఒకరి నుంచి ఒకరికి, మధ్యలో బ్యాంకు లేకుండా డబ్బు పంపడం ఎట్లా అన్నది అందులో సంగతి. రాసిందెవరో ఈరోజుకీ తెలియదు. అంత గుట్టుగా పుట్టిన డబ్బు మన దాకా రావడానికి మాత్రం ఆధార్ కావాలి, పాన్ కావాలి, బ్యాంకు ఖాతా కావాలి, కెమెరా ముందు తల అటూ ఇటూ తిప్పి చూపించాలి. ఇదంతా పూర్తిచేశాక మేనల్లుడు నా భుజం తట్టి, "ఇప్పుడు నువ్వు బ్యాంకుల నుంచి విముక్తుడివి మామా" అన్నాడు.

మధ్యవర్తి లేని ఈ డబ్బుకు మన చుట్టుపక్కల మధ్యవర్తులు ఎంత వేగంగా పుట్టారో చూడండి. 2013లో యునోకాయిన్ వచ్చింది. అదేదో అమెరికాలో కాదు, తుమకూరులో. తర్వాత బెంగళూరులో కాయిన్‌స్విచ్, ముంబైలో కాయిన్‌డీసీఎక్స్. 2018లో వజీర్‌ఎక్స్. రాజు లేని డబ్బు అన్నారు కదా, దానికి వజీరు మాత్రం వచ్చి కూర్చున్నాడు.

ఆ 2018 ఏప్రిల్‌లోనే రిజర్వు బ్యాంకు, ఈ వ్యాపారంతో లావాదేవీలు పెట్టుకోవద్దని బ్యాంకులకు చెప్పింది. కడుపు మండిన తుమకూరు కంపెనీ ఆ అక్టోబర్‌లో బెంగళూరు కెంప్‌ఫోర్ట్ మాల్‌లో ఒక ఏటీఎం లాంటి యంత్రాన్ని నిలబెట్టింది. బ్యాంకు వద్దంటే నోట్లు మేమే తీసుకుంటాం అని దాని ఉద్దేశం. పోలీసులు వచ్చి యంత్రాన్నీ ఎత్తుకుపోయారు, కంపెనీ పెట్టినవాళ్ళనూ పట్టుకుపోయారు. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ బ్యాంకు కట్టడిని కొట్టేసింది. అక్కడి నుంచి చూడాలి ఎదుగుదల! 2021లో క్రికెట్ చూద్దామని టీవీ పెడితే రెండు ఓవర్ల మధ్య క్రిప్టో, క్రిప్టోకూ క్రిప్టోకూ మధ్య అప్పుడప్పుడు క్రికెట్. ఆ ఏడాదే రెండు కంపెనీలు యూనికార్న్‌లయ్యాయి. అంటే వంద కోట్ల డాలర్ల విలువ దాటాయని అర్థం. ఎవరూ కళ్ళతో చూడని ఒంటికొమ్ము గుర్రం పేరు పెట్టుకోవడం నిజాయితీగానే ఉంది. మా పుంగనూరు ఆవు కూడా చిన్నదయ్యేకొద్దీ ధర పెరిగే సరుకే, లక్షలు పలుకుతోంది. కాకపోతే అది ధర పడిపోయిన రోజు కూడా పేడ వేస్తుంది.

"ధర పడతాది, లేస్తాది మామా. భయపడగూడదు" అని మేనల్లుడు ముందే హెచ్చరించాడు. ఆ మాట ఎవరికి చెప్తున్నాడు? పెట్టె టమాటాలు కోత కూలికి కూడా రాక రోడ్డు పక్కన పారబోసినవాళ్ళం మేము. తర్వాత అదే మదనపల్లెలో 2023 జూలై చివరికి కిలో 200 రూపాయలకు చేరువైతే తోటలకు కాపలా పెట్టినవాళ్ళం. క్రిప్టోలో 2021 నవంబర్‌లోనే అయిదు వేలు పెట్టాను. ఏ కంపెనీలో అని అడగవద్దు, రాయను. నేను పెట్టేనాటికి బిట్‌కాయిన్ 69 వేల డాలర్ల దగ్గర ఉంది. మరుసటి నవంబర్‌కు 16 వేల దిగువకు వచ్చింది. టమాటా అయితే ఊరగాయ పెట్టుకునేవాణ్ణి.

ఈలోగా సర్కారు కూడా మండీలో దిగింది. 2022 బడ్జెట్‌లో క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను పెట్టారు. లాటరీకీ గుర్రప్పందేనికీ ఉన్నదే ఆ రేటు. జూలై నుంచి అమ్మిన ప్రతిసారీ ఒక శాతం టీడీఎస్. ఒక కాయిన్‌లో వెయ్యి వచ్చి, ఇంకో కాయిన్‌లో వెయ్యి పోయిందనుకోండి. మన లెక్కలో చేతికి వచ్చింది సున్నా. సర్కారు లెక్కలో వచ్చిన వెయ్యికి 300 కట్టాలి, సెస్సు వేరే. పోయిన వెయ్యి మన ఖర్మ. చట్టబద్ధం చేశారా అంటే చేయలేదు, నిషేధించారా అంటే అదీ లేదు. పుట్టిన బిడ్డకు పేరు పెట్టకుండా బారసాల కట్నాలు మాత్రం చదివించుకున్నట్టు ఉంది. జాక్‌పాట్ పెట్టెలు గుర్తొచ్చి నాకు ప్రాణం లేచివచ్చింది. తెలిసిన లోకమే.

ఇక వాలెట్ సంగతి. వాలెట్ అంటే డబ్బులసంచి అనుకున్నాను. కాదట, తాళంచెవి. అయితే ఎక్స్ఛేంజీలో పెడితే ఆ చెవి కంపెనీ మొలతాడుకే ఉంటుందట. ఇల్లు నాది, చెవి వాళ్ళది. "వాళ్ళు మనకంటే జాగ్రత్తగా చూస్తారు మామా, ఒక చెవి గాదు, ఆరు చెవులు" అన్నాడు. వజీర్‌ఎక్స్ పెద్ద పెట్టెకు నిజంగానే ఆరు ఉన్నాయి. అయిదు తమ దగ్గర, ఒకటి లిమినల్ అనే కాపలా కంపెనీ దగ్గర. నాలుగు సంతకాలు పడితేగానీ పెట్టె తెరుచుకోదు. 2024 జూలై 18న నాలుగూ పడ్డాయి. తెర మీద కనబడింది ఒకటి, సంతకం పడింది ఇంకొకదాని మీద. భూముల దస్తావేజుల్లో ఈ విద్య మాకు పాతదే. రమారమి 23 కోట్ల డాలర్లు, మన లెక్కలో రెండు వేల కోట్లకు దగ్గర, ఒక పూటలో పోయాయి. ఉత్తర కొరియా దొంగల పని అని తర్వాత అమెరికా, జపాన్, దక్షిణ కొరియా తేల్చాయి. ఎక్కడి ప్యాంగ్యాంగ్, ఎక్కడి మన జనం! ప్రపంచంతో ఇంత నేరుగా, మధ్యవర్తి లేకుండా కలిసింది ఇదే మొదటిసారి కావచ్చు.

ఆపైన జరిగింది చూస్తే మండీ సాహుకారి మీద గౌరవం పెరిగింది. పోయిన నష్టాన్ని అందరికీ పంచుతామన్నారు. ఎవరి కాయిన్లు పోలేదో వాళ్ళు కూడా 55 శాతం వాడుకోవచ్చు, 45 శాతం తాళం వేస్తాం అని ఒక పద్ధతి చెప్పి, ఇష్టమేనా అని ఓటింగు పెట్టారు. లాభం వచ్చిన నాడు సమానంగా పంచుకుందామని ఏ కంపెనీ అయినా ఓటింగు పెట్టిందా? జనం తిరగబడితే, అది ఆఖరి మాట కాదన్నారు. అసలు కంపెనీ ఎవరిది అన్న తగువు అంతకు ముందే ఉంది. 2019లో వజీర్‌ఎక్స్‌ను కొన్నామని చాటింపు వేసిన బైనాన్స్ అనే ఎక్స్ఛేంజీ, 2022లో ఈడీ దాని ఖాతాలు స్తంభింపజేసేసరికి, కొనడం పూర్తికాలేదంది. పెళ్ళి విందు తిని మూడేళ్ళయ్యాక తాళి కట్టలేదన్నట్టు.

ఆ దొంగతనానికి ఏడాది నిండిన మర్నాడే, 2025 జూలై 19న, కాయిన్‌డీసీఎక్స్ పెట్టెకూ కన్నం పడింది. 4 కోట్ల 40 లక్షల డాలర్లు. వాళ్ళు మాత్రం ఖాతాదారుల సొమ్ము ముట్టుకోకుండా తమ ఖజానా నుంచే భరించారు. మంచి మాట మంచిగానే చెప్పాలి.

మొన్న వచ్చినప్పుడు మేనల్లుడు కొంచెం చిక్కి ఉన్నాడు. ఈసారి మైనింగ్ అంటున్నాడు. "కంప్యూటర్లు తవ్వుతాయి మామా" అన్నాడు. మా పక్కనే కేజీఎఫ్. మైళ్ళ లోతుకు దిగి మా చిత్తూరు జిల్లావాళ్ళు కూడా తవ్వారు. 2001 ఫిబ్రవరి 28న గని మూసేశారు. బంగారం ఎవరికి పోయిందో వాళ్ళకు పోయింది. మనకు మిగిలినవి సైనైడ్ దిబ్బలు. "తవ్వేటోడి పేరు మీద బంగారం ఎప్పుడైనా ఉండిందా రా?" అన్నాను. కాఫీ తాగి పడుకున్నాడు.

వజీర్‌ఎక్స్ 2025 అక్టోబర్‌లో మళ్ళీ తెరుచుకుంది. పదిహేను నెలలు జనం ఎదురుచూసింది సింగపూర్ హైకోర్టు ఏం చెబుతుందా అని, ఎందుకంటే మాతృసంస్థ ఉన్నది అక్కడ. మా మండీ సాహుకారి చీటీ రాసివ్వకపోతే, డబ్బు ఎగ్గొడితే, అతని ఇల్లెక్కడో తెలుసు, వాళ్ళ పెద్దమ్మ ఎవరో కూడా తెలుసు. శాంతిపురం నుంచి మదనపల్లెకు పలమనేరు, పుంగనూరు మీదుగా బస్సులు మారి పోవచ్చు. సింగపూర్‌కు ఇంకా బస్సు వేయలేదు.