బహుమతులు రాని క్లబ్బు పెట్టండి

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల హైస్కూళ్లలో క్లబ్బుల బాధ్యత మీద పడిన సార్లకు, మేడమ్‌లకు ఈ సలహాలు. స్టాఫ్‌రూంలో చదివి వినిపిస్తే సగం మంది ఇవి తలకిందుల సలహాలంటారు. ఎంఈఓ గారికి నచ్చకపోవచ్చు కూడా. అయినా నమ్మిన మాటలే చెబుతున్నాను.

బాగా మాట్లాడే పిల్లను క్లబ్బు లీడర్‌ను చేయకండి. ప్రతి బడిలోనూ అలాంటి పిల్ల ఒకరుంటారు. ప్రేయర్‌లో ప్రతిజ్ఞ ఆమే చదువుతుంది, ఆగస్టు పదిహేనుకు ఉపన్యాసం ఆమెదే, మండల స్థాయి క్విజ్‌కు పోయేదీ ఆమే, చివర్లో వందన సమర్పణ కూడా ఆమే. ఆ పిల్ల తప్పేమీ లేదు, కానీ క్లబ్బు ఆమెకు కొత్తగా ఇచ్చేదీ ఏమీ లేదు. చివరి బెంచీలో గోడవైపు కూర్చుని, హాజరు పిలిస్తే పలకడానికే జంకే పిల్లగాడిని సెక్రటరీని చేయండి. మినిట్స్ పుస్తకం, చందా లెక్కలు వాడి చేతికివ్వండి. మొదటి రెండు మూడు సమావేశాలు చెడిపోతాయి. చెడిపోనివ్వండి. వాడు మాట వెతుక్కుంటూ నిలబడ్డప్పుడు మధ్యలో మైకు అందుకోకండి, మాట అందించకండి. క్లబ్బు పుట్టిందే ఆ నిశ్శబ్దాన్ని వాడు దాటడానికి.

బడి విడిచాక క్లబ్బు పెట్టకండి. సాయంత్రం ఆగగలిగేది బడి ఉన్న ఊరి పిల్లలు మాత్రమే. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలు బస్సు కోసం గేటు దగ్గరికి పరుగెత్తుతారు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్లకు ప్రయాణం ఉచితం, మంచిదే. కానీ ఉచితమైనంత మాత్రాన ఆ ఊరికి రెండో బస్సు రాదు. కాబట్టి క్లబ్బు టైంటేబుల్ లోపలే జరగాలి. పీరియడ్ ఎక్కడిదని అడుగుతారు. సీసీఈలో కళలు, పని విద్య, విలువల విద్య, ఆరోగ్య వ్యాయామ విద్య అని సహపాఠ్య విషయాలున్నాయి, వాటికి గ్రేడ్లు వేస్తున్నాం. గోడమీది టైంటేబుల్లో వాటి పీరియడ్లు ఉంటాయి, ఆ గంటకు క్లాసులో నడిచేది మాత్రం లెక్కలో, సైన్సో. ఆ పీరియడ్‌ను వెనక్కి అడగండి. లెక్కల సారుతో మాటా మాటా వస్తే రానివ్వండి.

పదో తరగతి పిల్లలను వదిలేయకండి. ఇది వింటే హెడ్మాస్టర్ ఉలిక్కిపడతారు. పొద్దున స్పెషల్ క్లాసు, సాయంత్రం స్పెషల్ క్లాసు, నడుమ స్లిప్ టెస్టులు. ఆ ఏడాదంతా వాళ్లను ఆటకూ పాటకూ దూరం పెట్టడమే బాధ్యత అనుకుంటున్నాం. వారానికి ఒక్క గంట ఎనిమిదో తరగతి వాళ్లకు చెస్ నేర్పించమనండి, గోడ పత్రిక దిద్దించండి. ఇంకొకరికి నేర్పే గంట చదువు నుంచి తీసేసిన గంట కాదు.

ఎకో క్లబ్బు ఉంటే ఈ వానాకాలం ఒక్క మొక్కా నాటకండి. నేషనల్ గ్రీన్ కోర్ కింద 2001-02 నుంచి బడుల్లో ఎకో క్లబ్బులున్నాయి. 2015లో హరితహారం వచ్చాక నాటడం ఇంకా పెరిగింది. జులైలో గుంత తీస్తాం, ఫొటో దిగుతాం. ఏప్రిల్ చివర బడి మూస్తాం, మళ్లీ తెరిచేది జూన్ 12న. ఆదిలాబాద్ ఎండలో ఆ ఏడు వారాలు నీళ్లు పోసేదెవరు? ముందు పాత గుంతలు లెక్కపెట్టించండి. ఎన్ని బతికాయి, ఎన్ని ఎండాయి, ఎందుకు ఎండాయి అని పిల్లలు పుస్తకంలో రాయాలి. సెలవుల్లో ఏ చెట్టుకు ఎవరి ఇల్లు దగ్గరో పంచుకోవాలి. అది తేలినాకే కొత్త మొక్క. అప్పుడు కూడా నర్సరీ ఇచ్చిందేదో తెచ్చి నాటకండి. నిర్మల్ వాళ్లయితే పొణికి నాటాలి. నిర్మల్ బొమ్మలు చెక్కేది ఆ తేలిక కర్రతోనే. ఆ కర్ర దొరకడం కష్టమై కళాకారులు ఎంత ఇబ్బంది పడుతున్నారో పిల్లలు వాళ్ల నోటే వినాలి. చెట్టుకూ, అడవికీ, ఊరి బువ్వకూ ఉన్న సంబంధం వ్యాసరచన పోటీతో అర్థమయ్యేది కాదు.

ఇక ఆన్యువల్ డే. సినిమా పాటలు వద్దు, మన సంస్కృతి చూపిద్దామని చాలా బడులు ఇప్పుడు గోండుల గుస్సాడీ ఆట వేయిస్తున్నాయి. ఉద్దేశం మంచిదే, అయినా వేయించకండి. నెమలి ఈకల టోపీ అద్దెకు తెచ్చి, పిల్లల ఒంటికి బూడిద రంగు పూసి, స్పీకర్‌లో పాట పెట్టి గెంతించడం గుస్సాడీ కాదు. దీపావళి రోజుల్లో గోండుల దండారీ పండుగ సాగుతుంది. అప్పుడు గుస్సాడీ వేషం కట్టినవాళ్లు నియమాలు పాటిస్తారు, పండుగ ముగిసేదాకా స్నానం కూడా చేయరు. తుడుం, డప్పు, పెప్రే, కాలికోమ్ మోగితే ఊరికి ఊరు అతిథిగా వస్తుంది. ఆ టోపీకి పూజ ఉంది. మార్లవాయి కనకరాజు ఈ ఆటను ఎందరో కుర్రవాళ్లకు నేర్పారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు, 2024 అక్టోబరులో కన్నుమూశారు. ఆయన జీవితమంతా పట్టిన విద్యను మనం మూడు రిహార్సళ్లలో ముగిస్తున్నాం. మరేం చేయాలి? మీ బడిలో గోండు, కొలాం పిల్లలుంటే వాళ్లను అడగండి. వాళ్ల పెద్దలు రావడానికి ఒప్పుకుంటే పిలిచి కూర్చోబెట్టి చెప్పించుకోండి. ఆడాలా వద్దా అన్నది వాళ్ల మాట. చప్పట్ల కంటే ఆ గంటసేపు వినడమే పిల్లలకు ఎక్కువ నేర్పుతుంది.

అదే బడుల్లో బాలసభ జరిగితే తెలుగులోనే మాట్లాడాలని, ఇంగ్లిష్‌లో అయితే ఇంకా మంచిదని అనకండి. గోండిలో మాట్లాడనివ్వండి, సార్లకు అర్థం కాకపోయినా. 1940ల్లోనే మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ శిక్షణ మొదలుపెట్టించారు, గోండిలో వాచకాలు తయారు చేయించారు. గుంజాల ఊళ్లో రాతప్రతుల్లో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఫోన్లో టైపు చేయగలిగే అక్షరాలున్న భాషకు బడి స్టేజీ మీద చోటు లేకపోవడం నాకు బాధ.

తెలుగు క్లబ్బుకు పుస్తకాలు కొనకముందే పిల్లలను ఊళ్లోకి పంపండి. సి. నారాయణరెడ్డి గారిది ఇప్పటి రాజన్న సిరిసిల్ల జిల్లా హనుమాజీపేట. డిగ్రీ దాకా చదువు ఉర్దూ మాధ్యమంలోనే సాగింది. 1988 జ్ఞానపీఠం దాకా నడిపించిన తెలుగు లయను ఆయన చిన్ననాడు విన్నది జానపదాల్లో, హరికథల్లో, జంగం కథల్లో. ఒగ్గుకథకు పేరు తెచ్చిన మిద్దె రాములుదీ అదే ఊరు. మీ ఊళ్లో కథ చెప్పే ముసలాయన ఎవరో, నాట్లప్పుడు పాట అందుకునే అమ్మ ఎవరో పిల్లలే వెతికి రాసుకు రావాలి. గోడ పత్రికలో ఆ రాతలే పెట్టండి. అక్షర దోషాలుంటే పక్కన పెన్సిల్‌తో దిద్దండి, చింపి ఫెయిర్ కాపీ రాయించకండి.

సైన్స్ క్లబ్బు సారుకు ఒక్క మాట. ఇన్‌స్పైర్ అవార్డుకు ఎంపికైన ఆలోచనకు పిల్లల ఖాతాలో 10,000 రూపాయలు పడతాయి. ఆ అవార్డు పేరు కోసం సార్లే ఆలోచించి, షాపులో చేయించి, పిల్లకు అప్పజెప్పి బట్టీ పట్టిస్తున్న ప్రాజెక్టులు ఉన్నాయి. పంపకండి. పత్తి ఏరే అమ్మ వేళ్లకు గీరుకుపోకుండా ఏం తొడగాలో ఆలోచించి కుట్టుకొచ్చిన పిల్ల తొడుగు రెండు రోజుల్లో చినిగినా సరే, దాన్నే పంపండి. జిల్లా స్థాయిలో ఓడిపోతే, ఎందుకు చినిగిందో వచ్చే వారం క్లబ్బులో మాట్లాడించండి.

ఫొటోలు తీయకండి. వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి ఫొటో కావాలంటే క్లబ్బు మొత్తం ఆ ఫొటో వైపు తిరుగుతుంది. పై నుంచి అడిగితే మినిట్స్ పుస్తకం పేజీ ఒకటి పంపండి. ఎవరూ రాని క్లబ్బును రిజిస్టర్ కోసం బతికించకండి, మూసేసి, ఏం కావాలో పిల్లలనే అడగండి.

ఇవన్నీ ఒకేసారి చేయలేరు, నాకూ తెలుసు. సిలబస్ ఉంది, ఎఫ్ఏలు ఉన్నాయి, మధ్యాహ్న భోజనం లెక్కలూ మీవే. ఒక్కటి చేయండి. వచ్చే శనివారం ఆఖరి పీరియడ్ పిల్లలకు ఇచ్చి, ఈ ఏడాది ఇంతవరకు స్టేజీ ఎక్కని వాళ్ల పేర్లు రాసుకోండి. మీ క్లబ్బు మొదటి సభ్యుల జాబితా అదే.