కచేరి కరపత్రమునకు టీకా తాత్పర్యములు

మూలము: "శ్రీరామనవమి పందిట్లో సాయంత్రం 6 గంటలకు గాత్ర కచేరి. ప్రవేశం ఉచితం. రసికులందరూ ఆహ్వానితులే."

అవతారిక: పసుపుపచ్చ కాగితముపై అచ్చై, పాల ప్యాకెట్లతోపాటు గుమ్మమున వాలిన యీ వాక్యత్రయమునకు ఇంతవరకు వ్యాఖ్య లేదు. అందుచేతనే పలువురు అమాయకులు ఆరింటికే వచ్చి కుర్చీలు మోయవలసి వచ్చినది.

టీక: 6 గంటలకు = మైకులవాడు వచ్చిన పిమ్మట; గాత్ర కచేరి = సన్మానముల నడుమ వినవచ్చు పాట; ప్రవేశం ఉచితం = లోనికి వచ్చుట మాత్రమే, మొదటి వరుసనుండి లేచిపోవుట కాదు; రసికులందరూ = ప్రసాదమువేళకు చేరువారును; ఆహ్వానితులే = కుర్చీ పూచీ మాది కాదు.

తాత్పర్యము: ఏడున్నరకు రండి.

విశేషములు: వర్ణముతో మొదలిడి, నడుమ ప్రధాన కృతి, ఆపై చిన్న పాటలు, చివర మంగళము. నేటి కచేరికి ఈ క్రమమును స్థిరపరచిన కీర్తి అరియక్కుడి రామానుజ అయ్యంగారిది (1890–1967). ఆయన పద్ధతిలో శాలువాకు చోటు లేదు. మన కమిటీలు ఆ లోపమును పూరించినవి. గాయని తోడి రాగము నెత్తుకొని, గాంధారమును కదిలించి కదిలించి అప్పుడే రుచి చూపుచుండగా, సరిగ్గా అచ్చట దాతగారు మెట్లెక్కుదురు. రాగము ఆగును. శ్రుతిపెట్టె మాత్రము, కరెంటుది కావున మర్యాద తెలియక, మ్రోగుచునే యుండును. ఫొటో సరిగా రాలేదని శాలువా రెండవమారు కప్పబడును. ఇది పునరుక్తి దోషము కాదు, ఫొటోగ్రాఫరు ఆజ్ఞ.

మైకు కూత గూర్చి వ్రాయను. అది అనుభవైకవేద్యము.

పూర్వపక్షము: ఇంత తెలిసియు పోనేల? సెల్‌ఫోనులో వినరాదా?

సిద్ధాంతము: వినవచ్చును. కాని రెండవ వరుసలో దక్కునది అందులో దక్కదు. మృదంగ విద్వాంసుడు బొంబాయి రవ్వను నీళ్లతో పిసికి ఎడమ మొగమగు తొప్పికి మెత్తును. ముందు కూర్చున్న పిల్లలు ఉప్మా యనుకొందురు. ఆ ముద్ద బరువుచేతనే తొప్పికి ఆ లోతైన నాదము. పిదప కుడివైపు అంచును రాతితో తట్టి, చెవి యొగ్గి, మరల తట్టి శ్రుతికి తెచ్చును. ఈ తతంగమును రికార్డింగులవారు కత్తిరించి పారవేయుదురు.

ఇక తని ఆవర్తనము. మృదంగము ఒంటరిగా వాయింప మొదలిడగానే సగము సభ లేచును. కొందరు వ్యాఖ్యాతలు వారిని అరసికులని నిందింతురు, నేను నిందింపను. వారు పోవుటచేతనే మాటల రొద తగ్గి తొప్పి నాదము వినబడును. మొన్నటి కచేరిలో నిలిచినవారిలో ఒక పెద్దాయన, ఎడమచేత ముందే సంపాదించిన పులిహోర దొన్నె, కుడిచేత తొడపై ఆదితాళము. తీర్మానమును మూడుమార్లు వాయించి మృదంగము పల్లవి ఎత్తుగడపై వచ్చి పడినప్పుడు, ఆయన చేయియు వెంట్రుకవాసి తేడాలేక అచ్చటనే పడినది. గాయని ఆయనవంక చూచి తల యూపినది. ఆ యొక్క తల యూపునకు రెండు శాలువాలు, ఒక అధ్యక్షోపన్యాసము భరింపవచ్చునని నా మతము. మూడవ శాలువా విషయమున సందేహము కలదు.

పాఠాంతరము: కొన్ని ప్రతులలో "ప్రసాద వితరణ కలదు" అని చివర అధికముగా కనబడుచున్నది. ప్రక్షిప్తమని కొందరందురు. జనసంఖ్యను బట్టి చూడగా అదియే మూలము, మిగిలినది ప్రక్షిప్తము.