అనుమానం ఎవరి మీద?

చోడవరం వైపున్న వడ్డాదిని ఒకప్పుడు ఒడ్డవాది అనేవారు. ఏలినవాళ్లు మత్స్యవంశీయులు. 1269లో ఆ వంశంలోని అర్జునరాజు దిబ్బిడ అగ్రహారాన్ని బ్రాహ్మణులకు దానమిస్తూ రాగిరేకులు చెక్కించాడు. తర్వాత గిడుగు రామమూర్తి వాటిని పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో అచ్చువేయించారు. రాజుగారి వంశకథ అందులోనే ఉంది. తపస్సు చెడగొట్టడానికొచ్చిన మంజుఘోష అనే అప్సరసను ముని చేపవు కమ్మని శపించాడట. ఆమెకు పుట్టిన సత్యమార్తాండుడే మూలపురుషుడట. దానం పుచ్చుకున్నవాళ్లలో ఏ ఒక్కరైనా గొంతు సవరించుకుని ‘అయ్యా, చేపకు రాజెలా పుట్టాడు?’ అని అడిగినట్టు రేకుల్లో లేదు. అడిగితే అగ్రహారం చెయ్యిజారేది మరి!

ఇలాంటి లాభనష్టాలు చూసుకోకుండా అందర్నీ అనుమానించిన తెలుగువాడు ఒకడున్నాడు. ఉప్పలూరి గోపాలకృష్ణమూర్తి, లోకానికి యు.జి. 1918లో బందరులో పుట్టి, గుడివాడలో డబ్బున్న తాతగారింట్లో, దివ్యజ్ఞాన సమాజం నీడన పెరిగాడు. తాతగారు ఒకరోజు ధ్యానంలో ఉండగా పసిబిడ్డ ఏడ్చింది. ఆయన ధ్యానం ఆపి వచ్చి ఆ బిడ్డను బాదారు. యు.జి.కి ధ్యానం మీద గురి పోయింది. అరుణాచలం వెళ్లి రమణమహర్షినీ నిలదీశాడు. జిడ్డు కృష్ణమూర్తి ఉపన్యాసాలు ఏళ్ల తరబడి విని, చివరికి ఆయనతోనూ తగవు పడ్డాడు.

ఆనందం కోసం వెతుకులాటే మీ దుఃఖం, ఇవ్వడానికి నా దగ్గరేమీ లేదు, ఇళ్లకు పొండి. స్థూలంగా ఆయన చెప్పిందింతే.

జనం వెళ్లారా? టేపురికార్డర్లు పట్టుకుని మరీ వచ్చారు! గురువులు వద్దన్నవాణ్ణి గురువును చేసుకుని బెంగళూరు నుంచి స్విట్జర్లాండు దాకా చుట్టూ చేరారు. సినిమా దర్శకుడు మహేష్ భట్ ఆయన జీవితచరిత్రే రాశాడు. 2007లో ఇటలీలో కన్నుమూసేదాకా ఆయన తిడుతూనే ఉన్నాడు, వాళ్లు వింటూనే ఉన్నారు.

ఉన్నమాట చెబితే జనం నమ్మరన్న సంగతి చోడవరం, వడ్డాది వైపు బెల్లం వండేవాళ్లకు యు.జి. చెప్పక్కర్లేదు. కొనడానికొచ్చిన అమ్మగారు దిమ్మను గోటితో గీరుతుంది, ముక్క విరిచి నాలిక మీద వేసుకుంటుంది, మొహం చిట్లిస్తుంది.

‘ఇంత నల్లగుందేటి? కల్తీదేటి?’

‘మందెయ్యలేదమ్మా, అందుకే ఆ రంగు.’

నమ్మదు. పక్క కొట్లో పచ్చగా మెరుస్తున్న దిమ్మను మాత్రం ఒక్క ప్రశ్నయినా వెయ్యకుండా సంచిలో వేసుకుంటుంది. ఆ మెరుపు చాలాసార్లు హైడ్రోస్‌ది, అంటే సోడియం హైడ్రోసల్ఫైట్‌ది. పానకం ఉడికేటప్పుడు వేస్తే రంగు తేలుతుంది, గంధకం బెల్లంలో మిగులుతుంది. రంగును చూసే ధర కడుతున్నప్పుడు రైతును తిట్టి లాభం లేదు.

సంక్రాంతి అరిసెలకు బెల్లం కొనేవాళ్లు ఈసారి ఆ పడే అనుమానమేదో పచ్చదిమ్మ మీద పడండి. నల్లదిమ్మ అమ్ముకునేవాణ్ణి వదిలెయ్యండి.