ముక్తహస్తుడు

సముద్రతీరమున పుట్టి పెరిగినవారందఱును సముద్రము నెఱిగినవారే యని మెట్టప్రాంతపు బంధువులు భ్రమపడుదురు గాని, విశాఖపట్టణవాసులలో పెక్కుమందికి కడలితోడి పరిచయము మోకాటిబంటి లోతును దాటినది కాదు. 1933లో రేవు తెఱచినపుడు జలదుర్గ యను నౌక లోనికి వచ్చుట చూచినవారును, 1948లో జవహర్‌లాల్ నెహ్రూ జలఉష యను ఓడను నీటిలోనికి విడిచినపుడు చప్పట్లు చఱచినవారును ఒడ్డుననే నిలిచిరి. వారి మనుమలును రామకృష్ణా బీచిలో మురీమిక్చరు పొట్లము చేతబట్టుకొని ఆ యొడ్డుననే నిలిచియున్నారు. ఇట్టి తృప్తజీవుల నడుమ, సముద్రమును లోపలినుండి చూడవలె ననియు, చూచినదానిని పదిమందికి చూపకున్న చూచినట్లే కాదనియు నమ్మిన మహానుభావుడొకడు బయలుదేఱినాడు. నేనాతనిని ముక్తహస్తుడని పిలుచుచుందును.

ఉక్కునగరమున కాపురము, గోదావరి యను పుణ్యనామము ధరించిన బ్లాస్ట్‌ఫర్నేసు దాపున ఉద్యోగము. వారమంతయు అగ్నిహోత్రమునకు అంకితమై, ఆఫ్ దొరకిన నాడు ఋషికొండకు బోయి, వీపున గాలిసిలిండరును, నడుమున సీసపు బరువులును ధరించి వరుణదేవుని దర్శింపబోవును. 1943లో ఎమిల్ గాన్యాతో గూడి ఆక్వాలంగును రూపొందించిన కుస్తో నామమును, స్వగ్రామమందలి పెదనాన్నను తలంచునంత చనువుగా తలంచును. ఇంతవఱకు ఎవరికిని అభ్యంతరము లేదు. చిక్కంతయు కెమెరాతో వచ్చినది.

నీటి యడుగున చేతులకు పనియేమున్నదని మీరడుగవచ్చును. పది మీటర్లు దిగునప్పటికే ఒత్తిడి ఒడ్డున నున్నదానికి రెట్టింపగును గనుక, చెవులు బాధింపకుండ ముక్కు పట్టుకొని గాలి నొక్కుటకు ఒక చేయి కావలెను. జాకెట్టులోనికి గాలి నింపుటకును వదలుటకును మఱియొకటి. గాలి యెంత మిగిలినదో గేజిలో చూచుకొనుటకును, నోట రెగ్యులేటరు గఱచుకొని మౌనవ్రతమున నుండుటచే శిక్షకునితో సైగలాడుటకును ఇంకను కొన్ని. కార్తవీర్యార్జునుడు తప్ప తక్కినవారు కెమెరాను చేతబట్టుకొని దిగరాదని నిశ్చయించి, ముక్తహస్తుడు దానిని తన దేహమున ఎక్కడ కట్టవలెనను పరిశోధనకు పూనుకొనెను.

అమెరికాలో నిక్ వుడ్‌మన్ అను అలలక్రీడాప్రియుడు 2004లో మొదట అమ్మిన గోప్రో మణికట్టునకు కట్టుకొను ఫిలిం కెమెరాయే గావున, మనవాడును సంప్రదాయము ననుసరించి మణికట్టుతోనే ఆరంభించినాడు. నీటిలో చేపలగుంపు కనబడినది. ఆనందమాపుకొనలేక, తన ముఖము కూడ పడునట్లు ముంజేయి త్రిప్పి, రెండవచేతి బొటనవ్రేలు పైకెత్తి కెమెరాకు చూపినాడు. భూలోకమున ఆ ముద్రకు భేషని యర్థము. స్కూబా శాస్త్రమున పైకి పోదమని యర్థము. శిక్షకుడు కర్తవ్యపరాయణుడు, వెంటనే భుజము పట్టుకొని మెల్లమెల్లగా పైకి తీసికొనివచ్చినాడు. మనవాడు వలదని తల యూపుచు, భయపడవలదని శిక్షకునకు ధైర్యము చెప్పుటకై మరల బొటనవ్రేలు చూపినాడు!

పిమ్మట కెమెరా మాస్కు నుదుటిమీది కెక్కినది. ఒడ్డున వల బాగుచేసికొనుచున్న ముసలి జాలరి యొకడు దానిని తేఱిపాఱజూచి, “ఏటి బాబూ, నెత్తిమీద దీపం? రేతిరేటకా?” అన్నాడు. కెమెరా యని తెలిసి, “సేపల్ని సూడ్డానికి నువ్వెల్లాలా? మా రేవుకి రా, అయ్యే వొత్తాయి” అని సెలవిచ్చినాడు. అసలు సంకటము మీసముది. మాస్కు అంచునకును పెదవికిని నడుమ వెండ్రుకలున్నచో నీరు చొఱబడును. ఆ పైని కెమెరా బరువు మాస్కును లాగుచుండెను. వంశగౌరవము వలె పెంచిన మీసమును ముక్కు క్రింద సన్నగా గొఱిగించుకొనుటకు వారము దినములు మథనపడి, తుదకు మంగలి యెదుట తలవంచినాడు. ఇల్లాలు చూచి, “పెళ్ళయిన నాటినుంచీ నేను మొత్తుకుంటే తీయని మీసం, గాజుపలక అడిగితే తీశారన్నమాట!” అన్నది. మీసము పోయినను ఫలితము దక్కలేదు. చేప కనబడగనే గర్వముతో చిఱునవ్వు వచ్చును. నవ్వినచో చెంపలు ముడుతపడును. ముడుతపడిన చోట నీరు దూరును. సముద్రమును తీయబోవువాడు ప్రసన్నవదనుడై యుండరాదను నియమము ఎంత కఠినమైనది!

ఎదకు కట్టిన పట్టీ సంగతి చెప్పవలసినది స్వల్పము: ఈదువాడు బోరగిలి పరుండును గావున అది ఇసుకను మాత్రమే గ్రహించినది. సిలిండరుమీద నిలిపిన కెమెరా ఆతని తల వెనుకభాగమును, అచట నూతనముగా ఏర్పడుచున్న బట్టతలను, నిష్పక్షపాతముగా చిత్రించినది.

ఈ చిత్రములను అతిథులకు చూపు విధమొకటి కలదు. కాఫీ యిచ్చినపిదప తలుపు గడియవేసి, టీవీ పెట్టును. తలమీది కెమెరా ఆతడెటు తిరిగిన నటు తిరుగుటచే, చూచువారికి కుర్చీలోనే ఓడప్రయాణపు వికారము కలుగును. వదలిన ఊపిరి బుడగలై తెరకడ్డముగా లేచుచుండును. సింహాచలమున అప్పన్న సన్నిధిలో కెమెరాకు కట్టించిన ఎఱ్ఱదారపు కొస తెరమూలలో నల్లగా ఆడుచుండ, ఒక పెద్దావిడ అది అపశకునమేమో యని భయపడినది. నీరు మొదట ఎఱుపునే హరించుననియు, కొన్ని మీటర్లు దిగునప్పటికే రక్తవర్ణము కూడ నల్లబాఱుననియు, అందులకే ఎఱ్ఱని ఫిల్టరు తగిలింతురనియు ఆతడు ఉపన్యసించుచుండగా, ఆవిడ చెప్పులు వెదకికొనుచుండెను. నిజము చెప్పవలెనన్న, ఆ యుపన్యాసము చిత్రముకన్న మేలుగా నున్నది.

మొన్న పూర్ణామార్కెట్టు దాపున చెప్పులు కుట్టువాని యెదుట గొంతుకూర్చుండి, రెక్సిను ముక్కతో భుజమునకు పట్టీ కుట్టించుకొనుచు కనబడినాడు. అలలమీద పలకలెక్కి పరుగులిడువారు కెమెరాను పండ్లతో గఱచిపట్టుకొను సాధనమొకటి కలదట. తల కదలదు, చేతులు స్వేచ్ఛ, సర్వోత్తమమైన పద్ధతి. కాని రెగ్యులేటరును కూడ పండ్లతోనే గదా పట్టుకొనవలసినది! భగవంతుడు మానవునకు ఒక్క నోరే యిచ్చినాడే యని ఆతడు హృదయపూర్వకముగా వగచుచుండగా, సంచితో వెనుక నిలిచిన ఇల్లాలు, “ఆ ఒక్కదానికే ఇంటికి చుట్టాలు రావడం మానేశారు. వంకాయలు వాడిపోతున్నాయి, పదండి” అన్నది.