పి, క్యూ ప్రకరణానికి టీకా తాత్పర్యం

అవతారిక: ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం తెలంగాణలో రాసే ఐసెట్‌ను 2025లో నడిపింది నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం. ప్రశ్నలు 200, నిమిషాలు 150. అందులో, ఇచ్చిన ప్రకటనలు జవాబుకు చాలునా అని తేల్చే డేటా సఫిషియెన్సీ వాటా 20; అలాంటి ఒకదానికి ఈ టీకా. మూలం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఒట్టు పెట్టుకున్న సంస్కృత వ్యాఖ్యాత మల్లినాథ సూరిది మన మెదక్ సీమలోని కొల్చారమే అంటారు. ఆ ఒట్టులో మొదటి సగం మాకు చెల్లలేదు; మూలం దొరక్క మేమే కల్పించుకున్నాం. రెండో సగం మాత్రం ఈ ప్రకరణానికి ప్రాణం.

మూలం: పి, క్యూ ప్రధాన సంఖ్యలు. పి ఎంత? ఒకటో ప్రకటన: పి, క్యూల మొత్తం బేసి. రెండో ప్రకటన: క్యూ కన్న పి చిన్నది.

ప్రతిపదార్థం: ప్రధాన సంఖ్యలు = తమచేతను, 1 చేతను దక్క మరి దేనిచేతను శేషము లేక భాగింపబడనివి; బేసి = జతకు రానిది; చిన్నది = వయసుచేత గాదు, విలువచేత; ఎంత = ఎంతో చెప్పుమని గాదు, చెప్పుటకు వీలున్నదా యని భావము.

ఈ చివరి పదం దగ్గరే శిష్యులు బోల్తా పడతారు. దేవరకొండ వైపు చేన్లలో అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగే నీళ్ల మనిషి బోరు వెయ్యడు, నీళ్లు తోడడు. ఉన్నాయా లేవా అని చెప్పడమే ఆయన పని; మన పనీ అంతే. (ఆయన లెక్క తప్పితే అప్పు రైతుది. ఇక్కడ తప్పితే మార్కు మాత్రమే పోతుంది, మైనస్ కూడా లేదు.)

అన్వయం: రెండు బేసులు కలిస్తే సరి. కాబట్టి మొత్తం బేసి కావాలంటే ఇద్దరిలో ఒకరు సరి కావాలి. ప్రధానాల్లో సరి సంఖ్య 2 ఒక్కటే. ఉమ్మడి నల్లగొండ 3 జిల్లాలైంది, పాలమూరు 5 అయింది. రెండూ ప్రధానాలే, పైగా కవలలు. కానీ మొత్తం 8, కనుక వాటికి ఈ మూలంలో చోటు లేదు. సరే, ఆ 2 పియా, క్యూయా? ఒకటో ప్రకటన చెప్పదు. రెండోది ఒంటరిగా ఏమీ చెప్పదు. రెండూ కలిస్తే చిన్నవాడే 2, వాడే పి. దిద్దాల్సింది ‘రెండూ కలిస్తేనే చాలు’ అనే ఆప్షన్ 3.

శంక: 1 కూడా తనచేత, 1 చేత మాత్రమే భాగింపబడుతుంది గదా? పి 1, క్యూ 2 అనుకుంటే మొత్తం 3, బేసి, పి చిన్నది. అప్పుడు పి 1 కావచ్చు, 2 కావచ్చు. జవాబు ‘రెండూ కలిసినా చాలవు’ అనే నాలుగో ఆప్షన్‌కు జారిపోతుంది!

సమాధానం: శంక గట్టిదే. 1742లో గణితజ్ఞుడు గోల్డ్‌బాఖ్ 1ని ప్రధానమనే లెక్కపెట్టాడు. 1914లో లేమర్ అచ్చు వేసిన ప్రధాన సంఖ్యల పట్టిక కూడా 1తోనే మొదలవుతుంది. కానీ 1ని రానిస్తే 6ను రెండు మూళ్లని ఒక్క తీరుగా విడగొట్టడం పోతుంది. ముందర ఎన్ని ఒకట్లైనా పెట్టుకోవచ్చు. ఆ ఏకరూపత కోసమే దాన్ని పంక్తిలోంచి లేపారు. కాబట్టి మా ప్రతిపదార్థంలో ‘1 కన్న పెద్దవై’ అని చేర్చి చదువుకోవాలి. టీకాకారుడు తప్పు ఒప్పుకోవడం అరుదు, గమనించగలరు.

తాత్పర్యం: పి తెలుస్తుంది. క్యూ తెలియదు, 3 కావచ్చు, 101 కావచ్చు, అది అనపేక్షితం.

“సార్, పి 2 అని తెల్సింది. మరి క్యూ ఎంతొస్తది?”

“క్యూ ఎంతని నిన్నెవరన్నా అడిగిండ్రా బిడ్డా?”

“అడగలే. గని తెల్వకపోతే ఎట్లనో ఉంటది సార్.”

ఎట్లనో = దీనికి ప్రతిపదార్థము దొరకలేదు.