కొట్టివేతలు

మనవాడు ఏ సంగతీ ఒక పట్టాన తేల్చుకోలేడు. చొక్కా కొనడానికి వెళ్తే రెండు చేతుల్లో రెండు పట్టుకుని అద్దం ముందు నిలబడిపోతాడు. చివరికి షాపులో కుర్రాడు ఏది బాగుందంటే అది ప్యాక్ చేయించుకుంటాడు. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చిందో లేదో చెప్పకుండా వారాల తరబడి నానుస్తుంటే, ఆడపెళ్లివారే విసిగిపోయి తాంబూలాలకి ముహూర్తం పెట్టించి కబురు చేశారు. ఇన్నాళ్లూ అలా ఎవరో ఒకరు తేల్చిపెడుతూ వచ్చారు. తెనాలి దగ్గర పల్లెలో వాళ్లమ్మ బాత్రూంలో జారిపడ్డాక మాత్రం తేల్చేవాళ్లు కరువయ్యారు.

ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఒకటో తారీకున పెన్షన్ పడుతుంది, డబ్బుకి ఎవరి మొహమూ చూడక్కర్లేదు. విరిగిన మణికట్టు అతుక్కుంది, కట్టు విప్పేశారు. కానీ ఇకమీదట ఒంటరిగా ఉంచొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. తీసుకొచ్చి నిజాంపేట ఫ్లాట్‌లో తమతోపాటు ఉంచుకోవడమా? లేక హైదరాబాదు శివార్లలో కొత్తగా వెలుస్తున్న సీనియర్ లివింగ్ హోముల్లో ఒకదాంట్లో చేర్చడమా?

భార్యని అడిగాడు. "మీ అమ్మగారు, మీరే తేల్చుకోండి. రేపు ఏదన్నా తేడా వస్తే నా మీదకి రాకూడదు" అందావిడ. మేనమామకి ఫోన్ చేశాడు. "ఇందులో అడగడానికి ఏముందిరా?" అని ఆయన పెట్టేశాడు. మనవాడికి అది సలహాలా వినబడలేదు, తిట్టులా వినబడింది.

మేనమామని అడగడం తక్కువ పనేం కాదు. 1831లో చార్లెస్ డార్విన్ బీగిల్ ఓడ ఎక్కుతానంటే తండ్రి వద్దన్నాడు. ఇంగితం ఉన్నవాడు ఎవడన్నా వెళ్లమంటే అప్పుడు చూద్దామన్నాడు. డార్విన్ తండ్రి అభ్యంతరాలు ఎనిమిదీ వరసగా రాసి మేనమామ ముందు పెట్టాడు. ఆయన ఒక్కోదానికీ జవాబు రాసి పంపితే తండ్రి మెత్తబడ్డాడు. ప్రయాణం ముగించుకుని వచ్చాక, 1839లో, డార్విన్ ఆ మేనమామ కూతుర్నే చేసుకున్నాడు. అచ్చంగా మన మేనరికం. అయితే ఆ మేనమామ ఫీజు తీసుకోలేదు. ఫీజు లేని సలహా మీద మనవాడికి గురి కుదరదు.

ఆఫీసులో ఎవరో చెప్పగా లైఫ్ కోచ్ దగ్గరికి చేరాడు. పూర్వాశ్రమంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో హెచ్ఆర్ మేనేజరట. గంటకి నాలుగు వేలు, ఆరు సెషన్లు ఒకేసారి కట్టేస్తే ఇరవై వేలు, జీఎస్టీ అదనం. డాక్టరుకీ వకీలుకీ ఉన్నట్టు ఈ వృత్తికి మన దేశంలో లైసెన్సు ఏదీ లేదు, బోర్డు పెట్టుకున్నవాడల్లా కోచే. ఈయన మాత్రం కాస్త పద్ధతి తెలిసినవాడు. మొదటి రోజే చెప్పేశాడు. "సార్, నేను సలహా ఇవ్వను. ప్రశ్నలు వేస్తాను. జవాబు మీలోనే ఉంది."

సలహా ఇవ్వనివాడికి ఇరవై వేలెందుకని మీరూ నేనూ అడుగుతాం. మనవాడు అడగలేదు. పైగా అతనికి ప్రాణం లేచొచ్చింది. ఎదుటి మనిషి ఫోన్ చూసుకోకుండా, మధ్యలో అడ్డం పడకుండా, గంటసేపు తన గోడు విని ఎన్నేళ్లైంది! నాలుగో వారానికి కొలీగ్స్ దగ్గర "మా కోచ్‌గారు" అనడం మొదలుపెట్టాడు.

ఐదో సెషన్లో కోచ్‌గారు ఫ్రాంక్లిన్ కథ ఎత్తుకున్నారు. 1772లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ అని ఒక మతబోధకుడు ఉండేవాడు. ఆయనకి రసాయనాల పిచ్చి కూడా ఉంది. షెల్బర్న్ ప్రభువు తన కొలువులోకి రమ్మన్నాడు. ఉన్న చర్చి వదిలి వెళ్లడమా, మానడమా? లండన్లో ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ని సలహా అడిగాడు. ఫ్రాంక్లిన్ అచ్చం మన కోచ్‌గారిలాగే, ఏం చెయ్యాలో నేను చెప్పలేను, ఎలా తేల్చుకోవాలో చెబుతానన్నాడు. కాగితం మధ్యకి ఒక గీత గియ్యి. ఒక వైపు చెయ్యడానికి కారణాలు, రెండో వైపు మానడానికి కారణాలు. మూడు నాలుగు రోజులు తోచినప్పుడల్లా రాస్తూ పో. ఆ తర్వాత దేని బరువెంతో చూడు. ఇటొకటీ అటొకటీ సమానంగా తూగితే రెండూ కొట్టేయ్. ఇటొకటి అటు రెండింటికి సమానమైతే మూడూ కొట్టేయ్. చివరికి ఎటు మిగిలితే అటు నడు. దీన్ని ఆయన బీజగణితంతో పోల్చుకున్నాడు. ప్రీస్ట్లీ కొలువులో చేరాడు, 1774లో ఆ ప్రభువుగారి ఇంట్లోనే ఆక్సిజన్ కనిపెట్టాడు.

"చూశారా సార్, ఒక్క గీత!" అన్నారు కోచ్‌గారు.

ఈ గీత నేర్పిన ఫ్రాంక్లిన్ 1764లో అమెరికాలో భార్యని వదిలి లండన్ వచ్చినవాడు. పదేళ్లు దాటినా తిరిగి వెళ్లలేదు. 1774 డిసెంబరులో ఆవిడ పక్షవాతంతో పోయింది, కడచూపు లేదు. ఆ సంగతి సెషన్లో రాలేదు. గంట అయిపోయింది మరి.

కంప్యూటర్లో కాకుండా చేత్తోనే రాయాలని షరతు. మనవాడు పాప నోట్‌బుక్‌లోంచి కాగితం చించి మధ్యకి గీత గీశాడు. ఎడమవైపు 'అమ్మని తెచ్చుకోవాలి', కుడివైపు 'వద్దు, హోమ్ నయం'. ఇది తనొక్కడి కాగితం, ఎవరూ చూడరు కాబట్టి మొహమాటం లేకుండా రాయమన్నారు కోచ్‌గారు. రాశాడు. ఆఫీసు క్యాబ్‌లో ఒకటి, లిఫ్టులో ఒకటి, నిద్రపట్టని రాత్రి మరోటి.

ఆదివారం కూర్చుని కొట్టివేతలు మొదలుపెట్టాడు. పాప పదో తరగతి, లెక్కలు చెప్పడానికి నాయనమ్మ ఉంటుంది. కానీ ఉన్నవి రెండు బెడ్‌రూములే, పాప గది పోతుంది. ఇదీ అదీ కొట్టేశాడు. అమ్మ చేతి గోంగూర పచ్చడీ పప్పుచారూ దొరుకుతాయి. కానీ వంటింట్లో అత్తాకోడళ్లకి పొసగదు. రెండూ కొట్టేశాడు. కొరియర్ వచ్చినా గ్యాస్ బండ వచ్చినా పనమ్మాయి వచ్చినా తలుపు తీయడానికి ఇంట్లో మనిషి ఉంటుంది. కానీ ఇల్లు కదిలి నలుగురూ కలిసి ఎక్కడికీ వెళ్లలేరు. పోయాయి రెండూ. హోముకి కట్టాల్సిన నెలకి ముప్పై ఐదు వేలు మిగులుతాయి. ఇది పెద్ద బరువు. దీనికి ఎదురుగా, ఆసుపత్రికి తిప్పడానికి పెట్టాల్సిన సెలవులు ఒకటీ, రాత్రంతా అమ్మ దగ్గు ఒకటీ. ఒకటికి రెండు, మూడూ కొట్టేశాడు.

కుడివైపు ఇక ఏమీ లేదు. ఎడమవైపు ఒక వరస మిగిలింది. అంటే అమ్మని తెచ్చుకోవాలి!

మనవాడికి కళ్లు చెమర్చాయి. తన నిర్ణయం తను తీసుకోవడం జీవితంలో ఇదే మొదలు. కోచ్‌గారికి కాగితం ఫొటో తీసి పంపితే ఆయన చప్పట్ల బొమ్మలు మూడు పంపారు. భార్యకి చెబితే, "సరే, పాప గదిలో మంచం వేయిద్దాం" అంది. నిజానికి ఆవిడ రెండు వారాల కిందటే మంచం బేరం చేసి పెట్టుకుంది. ఆ మాట ఇతనికి చెప్పలేదు.

శనివారం పొద్దున్నే రైలెక్కి తెనాలిలో దిగాడు. ఊరు చేరేసరికి అమ్మ ఎడమచేత్తో వంకాయలు తరుగుతోంది. భోజనాలయ్యాక సంగతి చెప్పాడు. ఆవిడ మొహం ఒక్కసారి వెలిగి, వెంటనే సర్దుకుంది.

"రెండు గదుల కొంపలో నేనెక్కడ పడతానురా? ఏదో జాలిపడి అంటున్నావు. పదిరోజులు పోతే మీకే ఇబ్బంది."

"జాలి కాదమ్మా. ఆవేశంలో అన్న మాటా కాదు. పద్ధతిగా లెక్కవేసి తేల్చాను. నువ్వు రావాలనే వచ్చింది. కావాలంటే చూడు."

లెక్క అనేసరికి ఆవిడ కళ్లజోడు వెతుక్కుంది. మనవాడు విజయగర్వంతో బ్యాగులోంచి కాగితం తీసి చేతిలో పెట్టాడు.

ఏటా ఎండాకాలం గుంటూరులో పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లిన చెయ్యి అది. ముందు అడ్డంగా ఒకసారి చూసి, తర్వాత పైనుంచి ఒక్కొక్క స్టెప్పూ వేలు పెట్టి చదువుకుంటూ దిగింది. 'పాప గది పోతుంది' దాటింది. 'అత్తాకోడళ్లకి పొసగదు' దాటింది. 'రాత్రంతా దగ్గు' దగ్గర వేలు కాసేపు నిలిచింది.

అప్పుడు గుర్తొచ్చింది మనవాడికి, ఆ కాగితంలో తను రాసిందేమిటో. గబుక్కున చెయ్యి చాపాడు. ఆవిడ ఇవ్వలేదు. దిద్దుతుండగా మధ్యలో పేపరు లాక్కోబోయిన పిల్లాడికి ఆవిడ ఏనాడూ ఇచ్చిన మనిషి కాదు.

కిందిదాకా చదివి, ఇంకా ఏమన్నా రాసి అడిషనల్ షీటు కట్టాడేమోనన్నట్టు కాగితం వెనక్కి తిప్పింది. అటు తెల్లగా ఉంది. మళ్లీ ఇటు తిప్పింది.

"కొట్టివేతలు బాగా చేశావురా. ఎక్కడా తప్పు పోలేదు" అంది. "చిన్నప్పుడు ఇందులోనే తడబడేవాడివి."

"అమ్మా, అది... ఆ కోచ్ అలా రాయమన్నాడని..."

ఆవిడ గూట్లోంచి ఎర్ర పెన్ను తీసి రెండుసార్లు విదిలించింది. కాగితం మీద కొట్టెయ్యకుండా మిగిలిన వరస ఒక్కటే ఉంది. 'ఊళ్లో నలుగురూ ఏమనుకుంటారు?'

"వాళ్ల సంగతి నేను చూసుకుంటాలే. మా అబ్బాయి కాళ్లావేళ్లా పడ్డా వినకుండా నేనే పట్టుబట్టి హోముకి వెళ్తున్నానని అందరికీ చెబుతాను" అని పెన్ను అతని చేతికిచ్చింది. "ఊ, ఇదీ కొట్టేయ్."