హెడ్‌ఫోన్ మాఫీ!

కువైట్ గడ్డ మీద దిగిన తెలుగువాడికి మొదట ఒంటబట్టే అరబ్బీ మాట ‘మాఫీ’. మన ఊళ్ళో మాఫీ అంటే అప్పు రద్దు. ఇక్కడ మాఫీ అంటే ‘లేదు’. సెలవు మాఫీ. జీతం పెంపు మాఫీ. చేతిలో పాస్‌పోర్టు మాఫీ. అప్పు తీర్చుకుందామని విమానం ఎక్కినవాళ్ళకు, దిగిన వారానికే అన్నీ మాఫీ అని అర్థమవుతుంది, ఒక్క అప్పు తప్ప.

మొన్న ఈ జాబితాలో హెడ్‌ఫోన్ కూడా చేరింది.

నేను బండి తోలే ఇంట్లోనే మా కడప వైపు అక్క ఒకామె పని చేస్తోంది. వంట, ఇల్లు, పిల్లలు, మంచం పట్టిన ముసలమ్మ. ఉద్యోగాలు నాలుగు, జీతం ఒకటి. ఆమెదీ నాదీ ఇరవై నంబరు వీసానే, అంటే ఇంటిపని వీసా. శుక్రవారం పొద్దున మేడమ్‌ను జమియాకు, అంటే ఇక్కడి సహకార దుకాణానికి, తీసుకెళ్ళబోతుంటే, వంటింటి వెనక తలుపు సందులోంచి ఫోను నా చేతిలో పెట్టింది.

“అబ్బయ్యా, దీనికి చెవుడొచ్చినట్టుండాది. రాత్రి నా కొడుకు పదకొండు సార్లు చేసినాడు. పదకొండు సార్లూ ఎత్తినా. నా ‘హలో’ వానికి పోతాంది, వాని మాట నాకు రావడం లే. డబ్బులు అడుగుతాడని ఇనపడనట్టు నటిస్తాండానంట! మెసేజీ పెట్టినాడు.”

చూశాను. తెర పైమూలలో చీమంత హెడ్‌ఫోన్ బొమ్మ.

“హెడ్‌ఫోన్ ఏమన్నా పెట్టి తీసినావా అక్కా?”

“నా చెవులకు కమ్మలే లేవు నాయనా, కుదవలో ఉండాయి. హెడ్‌ఫోను యాడిది?”

ఫోనుకు మాత్రం ఉందని గట్టి నమ్మకం. కడప నుంచి సముద్రం దాటి వచ్చిన కొడుకు గొంతును భద్రంగా తీసుకెళ్ళి లేని హెడ్‌ఫోన్‌లో, లేని చెవిలో పోస్తోంది. పైగా తన పని తాను సక్రమంగా చేశానని బొమ్మ వేసి మరీ చూపిస్తోంది. ఈ లక్షణం ఎక్కడో చూశానే అనిపించింది. ఆలోచిస్తే ఒకచోట కాదు, దారి పొడుగునా చూశాను.

ముందు ఫోను వైద్యం చెబుతాను. తర్వాత మిగతా రోగుల దగ్గరికి వెళ్దాం.

తొందరపడి నేనూ అందరిలాగే ఒక దుకాణానికి పోయాను. కౌంటరు వెనక కుర్రాడు ఫోనును కనీసం వెలుతురుకు పట్టి చూడకుండా “బోర్డు ఖలాస్” అన్నాడు. 15 దినార్లు. ఇంటిపనివాళ్ళకు కువైట్ 2016లో ఖరారు చేసిన కనీస జీతం నెలకు 60 దినార్లు. అంటే ఫోనుకు పట్టిన భ్రమ వదిలించడానికి వారం రోజుల చాకిరీ అడిగాడన్నమాట. ఫోను వెనక్కి తీసుకున్నాను. జమియా ముందు పార్కింగులో మేడమ్ కోసం ఎదురుచూడటం డ్రైవరు ఉద్యోగంలో సగం. ఆ సగంలో ఆపరేషన్ పెట్టుకున్నాను.

ఫోను అడుగున ఉండే 3.5 మిల్లీమీటర్ల బెజ్జం నిన్నా మొన్నటిది కాదు. గల్ఫ్ నుంచి మనవాళ్ళు టేపు రికార్డరు చంకన పెట్టుకుని ఊళ్ళో దిగిన రోజుల్లో, 1979లో వచ్చిన వాక్‌మన్‌కూ అదే బెజ్జం. చాలా ఫోన్లలో దాని లోపలి గోడకు సన్నటి రేకు ఒకటి ఉంటుంది. పిన్ను దిగితే ఆ రేకు కదులుతుంది. రేకు కదలగానే ఫోను ‘హెడ్‌ఫోన్ వచ్చింది’ అని రాసుకుని స్పీకరు నోరు మూసేస్తుంది. పిన్ను తీస్తే రేకు వెనక్కి వచ్చి స్పీకరు నోరు తెరుస్తుంది. కథంతా ఇంతే. మధ్యలో తడో, తుప్పో, నూగో చేరితే రేకు వెనక్కి రాదు, లేదా వచ్చినా ఫోనుకు తెలియదు. వంటింట్లో ఆవిరి, నేల కడిగే నీళ్ళు, ఏప్రను జేబులో నూగు, వీటికి తోడు కువైట్ దుమ్ము. 2022 మే నెలలో దుమ్ము తుపాను దెబ్బకు ఇక్కడి విమానాశ్రయంలోనే రాకపోకలు ఆగిపోయాయి. విమానాలను ఆపిన దుమ్ముకు ఫోను బెజ్జం ఒక లెక్కా?

మొదట ఫోను ఆపి మళ్ళీ వేశాను. భ్రమ పోలేదు. బ్లూటూత్ ఆపాను. కొన్నిసార్లు పక్కింటి బుల్లి స్పీకరుతో కాపురం పెట్టేసి కూడా ఫోన్లు ఇలాగే మూగనోము పడతాయి. అదీ కాదు. నా పాత హెడ్‌ఫోన్ పిన్ను పది పదిహేను సార్లు పెట్టి తీశాను, ఇరుక్కున్న రేకు ఒక్కోసారి ఆ కుదుపుకే లేస్తుంది. లేవలేదు. అప్పుడు ఫోను పూర్తిగా ఆపి, సెల్ లైటు బెజ్జంలోకి కొట్టి చూస్తే అడుగున తెల్లగా ఏదో కనిపించింది. పళ్ళపుల్ల కొసకు ఒక పొర దూది చుట్టి, లోపల మెల్లగా తిప్పి తీశాను. పిన్నీసు మాత్రం పెట్టకూడదు, భ్రమతో పాటు రేకూ పోతుంది. నోటితో ఊదకూడదు, ఎంగిలి తడి చేరుతుంది. దూదికి అంటుకుని బయటికొచ్చింది: నూగు ఉండ, అందులో గట్టిపడిన పిండి. రోజూ ఆ ఇంట్లో పది మందికి ఆమె కలిపే పిండి.

ఫోను వేశాను. బొమ్మ మాయమైంది. హెడ్‌ఫోన్ మాఫీ! ఖర్చు ఒక పళ్ళపుల్ల. ఒకవేళ అప్పటికీ లొంగకపోతే ఆ బెజ్జం ముక్క ఒక్కటే మార్పించుకోవచ్చు, బోర్డు జోలికి పోనక్కర్లేదు. ఈలోగా కాల్ మాట్లాడుతూ స్పీకరు బటన్ నొక్కినా చాలా ఫోన్లలో గొంతు బయటికొస్తుంది.

ఇక మిగతా రోగులు.

మొదటి రోగి మన ఊరి ఏజెంటు. హెడ్‌ఫోన్ పిన్నుకు నాలుగు కట్లుంటాయి: ఎడమ చెవి, కుడి చెవి, గ్రౌండు, మైకు. ఏజెంటుకూ అంతే. ఎడమ చెవికి ‘అడ్వాన్సు’ వినపడుతుంది, కుడి చెవికి ‘బ్యాలెన్సు’ వినపడుతుంది. మైకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ‘చిన్న ఇల్లు, ముగ్గురే మనుషులు, పని ఏముంది, టీవీ చూస్తూ ఉండొచ్చు’ అంటుంది. గ్రౌండు ఒక్కటే ఉండదు. రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, ఆపైన జీఎస్టీ అని భారత ప్రభుత్వ నిబంధన. మన ఏజెంటు దానికి లోబడనక్కర్లేదు, ఎందుకంటే అతను రిజిస్టరే కాలేదు! ముప్ఫై ఏళ్ళు నిండని ఆడమనిషిని ఇంటిపనికి గల్ఫ్ పంపకూడదనే నిబంధన కూడా ఉంది. ఆ మాట అతని చెవిన పడితే, పిల్ల ఆగదు, వయసు పెరుగుతుంది, అదీ కాగితం మీద రాత్రికి రాత్రి.

రెండో రోగి చట్టం. కువైట్‌లో ఇంటిపనివాళ్ళ కోసం 2015లో చేసిన 68వ నంబరు చట్టం చదివితే కళ్ళు చెమరుస్తాయి. రోజుకు 12 గంటలకు మించి పని వద్దు. వారానికి ఒక రోజు సెలవు. ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు. మానేసి వెళ్ళేటప్పుడు పనిచేసిన ఏడాదికి ఒక నెల జీతం. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోరాదు. ఎంత కమ్మటి సంగీతం! ఆ పాట ఎన్నేళ్ళుగానో మోగుతూనే ఉంది, కాకపోతే హెడ్‌ఫోన్‌లో. గోడల అవతల వంటింట్లోకి చప్పుడు రాదు. మా అక్కకు వారం సెలవు గురించి నేను చెబితే, “ఎవురికంట?” అని అడిగింది.

పాట వినపడక, పని భరించలేక గోడ దూకిన మనిషికి మాత్రం చట్టం ఫుల్ వాల్యూమ్‌లో వినపడుతుంది. పేరు మీద ‘పరారీ’ కేసు పడుతుంది, అకామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, పోతుంది. తర్వాత ఎప్పుడో క్షమాభిక్ష వస్తుంది. 2018లో వచ్చింది, 2020లో వచ్చింది, 2024లో వచ్చింది. మాట వినిపించుకోనివాళ్ళు ఒకరు, క్షమాభిక్ష కోసం వరుసలో నిలబడేవాళ్ళు ఇంకొకరు. నేరం బెజ్జానిదైతే శిక్ష గొంతుకన్నమాట.

మూడో రోగి నాయకుడు. ఈయనది ఖరీదైన జబ్బు, నాయిస్ క్యాన్సిలేషన్ అంటారు. అక్కర్లేని చప్పుడును వడగట్టి కావలసినదే వినిపిస్తుంది. వేదిక మీది చప్పట్లు వినిపిస్తాయి, హాలు చివరి వరుసలో ‘అయ్యా, మా తమ్ముడి శవం రెండు వారాలుగా...’ అనే గొంతు వడపోతలో పోతుంది. ఇక్కడ భారతీయులు దాదాపు 10 లక్షల మంది, ఈ దేశంలో విదేశీయుల్లో మనదే పెద్ద గుంపు. అయినా 1981లో ఇందిరా గాంధీ వచ్చి వెళ్ళాక, 2024 డిసెంబరులో మోదీ వచ్చేదాకా భారత ప్రధాని ఎవరూ ఇక్కడ అడుగు పెట్టలేదు. మధ్యలో ఎన్ని పార్టీలు, ఎన్ని జెండాలు! 43 ఏళ్ళ మిస్డ్ కాల్. అప్పుడు పుట్టిన పిల్లవాడు పెరిగి, కువైట్ వచ్చి, వెన్నునొప్పి పట్టుకుని తిరిగి వెళ్ళిపోయేంత కాలం.

ఈ జబ్బు మధ్యలో ఒకసారి దానంతటదే తగ్గుతుంది. 2024 జూన్ 12 తెల్లవారుజామున ఇక్కడి మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనం తగలబడి, 40 మందికి పైగా భారతీయులు పోయారు. వాళ్ళలో మన ఆంధ్ర బిడ్డలూ ఉన్నారు. ఆ వారం అందరి చెవులూ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. మంత్రులు వచ్చారు, మిలిటరీ విమానం వచ్చింది, కిక్కిరిసిన గదుల్లో తనిఖీలు జరిగాయి. మంటకు కారణం షార్ట్ సర్క్యూట్ అన్నారు. ఒక గదికి ఎంతమంది, బయటికి దారి ఉందా అన్న ప్రశ్నలు ఆ గదుల్లో పడుకున్నవాళ్ళు అంతకు ముందు అడగలేదా? అడిగారు. హెడ్‌ఫోన్‌లోకి పోయాయి. నోరున్న మనిషి చెబితే వినపడని మాట, పెట్టెలో పెట్టి పంపితే వినపడింది.

ఇక్కడిదాకా చదివి ‘బాగా తిట్టాడురా’ అనుకుంటున్నారా? నాలుగో రోగి మీరే. ఇల్లు.

ఫోను బాగయ్యాక, వెనక తలుపు దగ్గర నా ముందే అక్క కొడుక్కి చేసింది. గొంతు ఖంగుమని మోగింది. ఆమె ముఖం వెలిగిపోయింది.

“అమ్మా! ఇప్పుడు ఇనపడతాందా?”

“ఇనపడతాంది నాయనా. నడుము పట్టేసి రెండు దినాలుగా...”

“సరే గానీ మా, ఫీజు శనివారం ఆఖరంట. ఆ ఫోను కూడా అడిగింటి కదా, ఎప్పుడు?”

“పంపుతాలే. మీరంతా బాగుండారా?”

“ఆ. నువ్వు బాగుండావ్ కదా?”

“బాగుండా.”

మొత్తం 40 సెకన్లు. ఆమె ఫోను బెజ్జంలో పిండి తీశాను. అవతలి ఫోనులో ఏం ఇరుక్కుందో తీసే పళ్ళపుల్ల నా దగ్గర లేదు. ‘నడుము’ అన్న మాట ఆ పిల్లవాడి చెవికి చేరలేదని అనలేను, చేరింది. లోపలి రేకు ఏదో కదిలి దారి మళ్ళించింది. ఇరవై ఏళ్ళుగా కువైట్ నుంచి వచ్చే ప్రతి కాల్‌లో ‘ఎంత పంపుతావు’ అనే పిన్నునే గుచ్చి గుచ్చి, మన ఇళ్ళ బెజ్జాలు అరిగిపోయాయి.

ఐదో రోగిని వదిలేస్తే పక్షపాతం అవుతుంది. అది నేను. శుక్రవారం కువైట్ నగరంలోని మాలియాలో మనవాళ్ళు వందలమంది కలుస్తారు. ప్రతి చెవిలోనూ ఒక మొగ్గ, ప్రతి మొగ్గలో ఒక సినిమా పాట. పక్కన కూర్చున్న మనిషికి మూడు నెలలుగా జీతం రాలేదని, పాట పాటకూ మధ్య దొరికే సందులో తెలుస్తుంది. ఒకే ఇంట్లో రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. అక్క కమ్మలు కుదవలో ఉన్నాయని నాకూ మొన్ననే తెలిసింది. అదీ ఫోను చెడిపోబట్టి.

కాబట్టి ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఒక మాట. రేపు కువైట్‌కు ఫోను చేసినప్పుడు ‘ఎంత పంపుతావు’ అనే ముందు ఒక్క ప్రశ్న అడగండి: “ఈ వారం సెలవిచ్చినారా?” అడిగి, ఫోను చెవికి గట్టిగా ఆనించి, జవాబు వచ్చేదాకా ఆగండి. జవాబు ఆలస్యమైతే ఫోను పాడైందనుకోకండి. ఆ ప్రశ్న ఆమెను ఎవరూ ఇంతవరకు అడగలేదు, అంతే.